మూడో పాట ఎక్కడిది?

ఆదివారం పొద్దున నరసరాజుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తలంటు పోసుకోవాలి, ఉప్మా తినాలి, స్పీకర్ల మీద దుమ్ము తుడవాలి. స్నేహితులిద్దరూ వచ్చేసరికి వాల్వుల యాంప్లిఫయరు బాగా వేడెక్కి, కిటికీ తెరలు మూసి, హాలు గుడిలా ఉండాలి. ఇంతకు మించి ఆయన ఎవరికీ ఏ అపకారమూ తలపెట్టలేదు.

ఆయనది గోదావరి జిల్లా. బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. మారేడ్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటులో కొడుకూ కోడలితో ఉంటారు. భార్య పోయాక ఇంట్లో నిశ్శబ్దం మరీ ఎక్కువైందనిపించి మొదట రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ ఒకటి కొన్నారు. దానికి తగ్గ యాంప్లిఫయరు కావాలి కదా అని అది కొన్నారు. దానికి తగ్గ స్పీకర్లు లేకపోతే ఎలాగని అవీ కొన్నారు. అవి రెండు బీరువాలంత ఉన్నాయి. వాటి మధ్య గాలి ఆడాలని, వాటి ముందు ఎవరూ అడ్డుండకూడదని హాలంతా వాటికే వదిలేశారు. ఆ ఇంట్లో మనుషులు మాత్రం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

కోడలు శ్రీలేఖ మంచి పిల్ల. చాలాకాలం ఓపిక పట్టింది. చివరికి మొన్న సాంబారు చీర మీద ఒలికిన పూట నెమ్మదిగా అడిగింది.

"మావయ్యగారూ, ఫోనులో పాటకీ మీ ప్లేటులో పాటకీ నిజంగా తేడా తెలుస్తుందంటారా?"

"తెలియకపోవడమేంటమ్మా! ఫోనులో పాట ఇన్‌స్టంట్ కాఫీ. రికార్డు పాట ఫిల్టరు డికాషను."

"నా నాలిక్కి రెండూ ఒకటేనండి. మరి మీ స్నేహితుడు బ్రహ్మచారిగారి చెవికో?"

"ఆయన చెవి మామూలు చెవా? మల్కాజ్‌గిరి స్టేషన్లో కూత వినబడితే ఇంట్లో కూర్చుని అది ఏ ఇంజనో చెప్తాడు."

"అయితే ఆయన్నే అడుగుదాం. మూడు పాటలు నేను మీ స్పీకర్లలోనే పెడతాను. ఏది ఫోనో, ఏది రికార్డో ఆయన కళ్ళు మూసుకుని చెప్పాలి. మూడూ సరిగ్గా చెబితే ఈ హాలు మీదే, నేనింక డైనింగ్ టేబుల్ ఊసెత్తను. ఒక్కటి తప్పినా ఈ పెట్టెలు మీ గదిలోకి, టేబుల్ ఇక్కడికి. మీరు మాత్రం మధ్యలో ఒక్క మాట అన్నా, దగ్గినా, ఓడినట్టే."

నరసరాజుగారు సరే అన్నారు. ఆయన గది చాలా చిన్నది. మంచం, బీరువా, భార్య ఫోటో పోగా మనిషి నిలబడే చోటే మిగులుతుంది. అక్కడ ఆ స్పీకర్లు పెట్టడమంటే ఏనుగుని ఆటో ఎక్కించడమే. కాబట్టి ఆదివారం ఆయనకు చావో రేవో అన్నంత పనయింది.

తుడవడం అయిపోయి స్విచ్చి వేయగానే స్పీకర్లోంచి సన్నగా "గుయ్" మని మోత మొదలైంది. వెంటనే బ్రహ్మచారికి ఫోను చేశారు.

"పరేషాన్ గాకుండ్రి రాజుగారూ," అన్నాడు బ్రహ్మచారి. "మీ ఫ్రిజ్జు బంద్ చేయుండ్రి. కరెంటును ఖరాబ్ చేసేది గదే."

ఫ్రిజ్జు ఆపారు. మోత ఆగలేదు. ఫ్యాన్లు ఆపారు, లైట్లు ఆపారు, ఇన్వర్టరు ఆపారు. మోత అలాగే ఉంది.

"అయితే మీ ఇంట్ల లేదు దోషం. బిల్డింగుల ఉంది. లిఫ్టు, నీళ్ళ మోటరు సుత జెర చూడుండ్రి. నేను బయల్దేరుతున్న."

నరసరాజుగారు జీవితంలో ఎన్నడూ క్యూ తప్పి నిలబడని మనిషి. అలాంటివాడు ఆ పూట చెప్పులు చేతిలో పట్టుకుని, దొంగలా మెట్లు దిగి, కింద మీటర్ల గదిలోకి వెళ్ళారు. వాచ్‌మన్ టీ తాగడానికి పోయాడు. లిఫ్టు స్విచ్చీ, మోటారు స్విచ్చీ కిందికి లాగేసి, గంటసేపట్లో మళ్ళీ వేసేద్దాం, ఎవరికి తెలుస్తుంది అనుకుంటూ పైకి వచ్చారు. వచ్చి చూస్తే మోత ఆగిపోయింది! ఆయన ఆనందానికి మేర లేదు. ఆయన కిందికి వెళ్ళినప్పుడు శ్రీలేఖ పందెం కోసం తన ఫోను తీసుకుంటూ, యాంప్లిఫయరు ప్లగ్గున్న బోర్డులోంచే చార్జరు పీకేసిందన్న సంగతి ఆయనకు తర్వాత ఎప్పటికో గానీ తెలియలేదు.

ఇంతలో లిఫ్టు పనిచేయక ఆయాసపడుతూ బ్రహ్మచారి వచ్చాడు. వెనకే లాలాగూడ నుంచి యేసురాజు వచ్చాడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో చేసి, ఇప్పుడు చర్చిలో పాటలు పాడేవాళ్ళకి తర్ఫీదు ఇస్తుంటాడు. పాత రికార్డులంటే ప్రాణం.

"ఏందీ, మనిషి కనబడనంత చీకటి చేసిండ్రు?" అన్నాడు యేసురాజు.

"చీకట్ల చెవి తెరుచుకుంటది," అన్నాడు బ్రహ్మచారి.

వీళ్ళ పద్ధతులు వీళ్ళకున్నాయి. పాట వినేముందు ఒక అగరొత్తి వెలిగిస్తారు. కళ్ళకు తువ్వాళ్ళతో గంతలు కట్టుకుంటారు. పరీక్ష మొత్తం అయ్యేదాకా నోరు విప్పరు. పాట పాటకీ తమ తీర్పు వేలితో చూపిస్తారు. ఒక వేలు ఎత్తితే రికార్డు, పిడికిలి బిగిస్తే ఫోను. రికార్డులు కనబడటం లేదని శ్రీలేఖ పూజగదిలోంచి ఇత్తడి దీపం తెచ్చి స్పీకర్ల మధ్య బల్ల మీద పెట్టింది. గాలి కోసం వీధి తలుపు బార్లా తెరిచింది. నరసరాజుగారు వెనక కుర్చీలో నోటికి చేతిరుమాలు అడ్డుపెట్టుకుని కూర్చున్నారు.

మొదటి పాట రికార్డు. బ్రహ్మచారి వేలు నిటారుగా లేచింది. రెండోది ఫోను. పాట ఎత్తుకోకముందే పిడికిలి బిగిసింది. నరసరాజుగారికి హాలు దక్కిపోయినట్టే అనిపించింది. ఆయన మనసులోనే ఆ స్పీకర్లకు మెత్తటి కొత్త గుడ్డలు కుట్టించేశారు.

సరిగ్గా అప్పుడే, పై అంతస్తులో అసోసియేషన్ సెక్రటరీ సూరి తలకు సబ్బు రుద్దుకుంటుండగా నీళ్ళు ఆగిపోయాయి. ఆదివారం కావడంతో అందరూ తలంట్లు పోసుకుని ట్యాంకు ఖాళీ చేశారు, మోటారేమో తిరగడం లేదు. సూరి ఒళ్ళంతా నురగతో, నడుముకు తువ్వాలుతో కిందికి పరుగెత్తి, మీటర్ల గదిలో కళ్ళు మండుతుంటే చేతికందిన స్విచ్చిలన్నీ పైకీ కిందికీ కొట్టాడు. బిల్డింగు మొత్తానికీ కరెంటు పోయింది.

హాల్లో ఎవరికీ తెలియలేదు. తెలియడానికి అక్కడ ఆగిపోయేది ఏమీ మిగల్లేదు. ఫ్యాన్లూ లైట్లూ ఫ్రిజ్జూ ఎప్పుడో ఆగిపోయాయి. శ్రీలేఖ మూడో పాటకని రికార్డు పెట్టి ముల్లు దించబోతే పళ్ళెం తిరగడం లేదు. వాల్వుల వెలుగు ఆరిపోతోంది. ఆమె మామగారి వైపు చూసింది. ఆయన చూశారు. చూసి, నోరు తెరిచి, పందెం గుర్తొచ్చి మూసేశారు.

"ఆహా," అన్నట్టు బ్రహ్మచారి తల ఊపాడు. పాటకు ముందు ఇంత గాఢమైన నిశ్శబ్దం ఆయన ఏ సెట్టు మీదా వినలేదు.

అదే సమయానికి ఎదురింటి అమ్మన్నమ్మగారు మోండా మార్కెట్టునుంచి కూరల సంచులతో మెట్లెక్కి వచ్చారు. ఆవిడది పాలకొండ వైపు. కొడుకు ఉద్యోగంతో ఈ ఊరొచ్చి ఏళ్ళయినా ఆవిడ మాట మాత్రం పాలకొండలోనే ఉండిపోయింది. లిఫ్టు సంగతి నరసరాజుగారిని నిలదీద్దామని లోపలికి అడుగుపెట్టి, ఆగిపోయారు. చీకటి గది. అగరొత్తి పొగ. వెలుగుతున్న దీపం. దానికి అటూ ఇటూ గుడ్డలు కప్పిన రెండు నిలువెత్తు ఆకారాలు. వాటి ముందు కళ్ళకు గంతలు కట్టుకుని మౌనంగా ఇద్దరు మగాళ్ళు.

"ఏటి పాపా ఇది? మీ గోదారోళ్ళ నోమేటి?" అని శ్రీలేఖ చెవిలో అడిగారు.

శ్రీలేఖ పెదవుల మీద వేలు పెట్టుకుని, "ఇంకొక్క పాట మిగిలిపోయిందండీ పిన్నిగారూ, కరెంటు..." అని గుసగుసలాడింది.

అమ్మన్నమ్మగారు మిగతాది వినలేదు. పూజంతా అయి పాట ఒక్కటే మిగిలిందంటే అది హారతి పాటే. ఎవరూ ఎత్తుకోకపోతే ఆ గదిలో వయసులో పెద్ద ముత్తయిదువ ఎత్తుకోవాలి. ఆవిడ పుట్టింటివైపు అదే ఆచారం. హారతి పాట లేకుండా పీటలు ఎత్తకూడదు. ఆవిడ సంచులు గోడవార పెట్టి, కొంగు సవరించుకుని, దీపం చేతిలోకి తీసుకుని, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న లక్ష్మీ హారతి నిండు గొంతుతో అందుకున్నారు.

నరసరాజుగారు కుర్చీలో సగం లేచారు. శ్రీలేఖ ఆయన వైపు వేలు చూపించింది. ఆయన కూర్చున్నారు.

అమ్మన్నమ్మగారు ఎడమ స్పీకరుకు హారతి ఇచ్చారు. పాడుతూనే నడిచి కుడి స్పీకరుకు ఇచ్చారు. మధ్యలో గాజులు గలగలమన్నాయి. రెండో చరణంలో మెట్ల ఆయాసానికి కాస్త ఊపిరి పట్టుకుని మళ్ళీ అందుకున్నారు. గొంతులో వయసు తెచ్చిన చిన్న బొంగురు ఉంది. దాని కింద ఎంతో తీపి ఉంది. నరసరాజుగారు పందెం సంగతి కాసేపు మరిచిపోయారు. శుక్రవారం శుక్రవారం ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఇలాగే పాడేది. ఆయన పేపరు ఒళ్ళోకి దించుకుని వినేవారు. ఈ హాల్లో ఒక మనిషి గొంతు విప్పి పాడటం మళ్ళీ ఇదే.

పాట అయింది. నవ్వు ఆపుకోలేక శ్రీలేఖ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"మూడూ అయ్యాయండీ. గంతలు అప్పుడే విప్పకండి. ఇప్పుడు నోటితోనే చెప్పండి."

"రికార్డు!" అన్నాడు యేసురాజు ఆగలేక. "పాత రికార్డు! ఊపిరి వినిపించింది. గాజులు వినిపించినయ్. ఆమె ఎడమ నుంచి కుడికి నడిచిపోతే కళ్ళకు కట్టినట్టు అగుపడ్డది. నాకు కర్పూరం వాసన సుత వచ్చింది!"

బ్రహ్మచారి జాలిగా నవ్వాడు.

"నీది భక్తి యేసురాజూ, చెవి కాదు. జెర ఆలోచించు. పాడేటామె మైకు ముంగట నిలబడి పాడుతది గానీ, గదంతా తిరుక్కుంట పాడుతదా? ఆ ఎడమ కుడి నడక కంప్యూటర్ల పెట్టింది. గాజుల చప్పుడు అతికించింది. గొంతుల జీవం లేదు. పిండి పిండి చేసి ఎంపీత్రీల కుక్కిండ్రు. ఇది ఫోన్. గ్యారంటీ ఫోన్. అది సుత సస్తా ఫోన్."

"నా గొంతులో జీవం నేదేటి?" అన్నారు అమ్మన్నమ్మగారు.

ఇద్దరూ గంతలు విప్పారు. ఎదురుగా ఒక చేత్తో దీపం, ఇంకో చేయి నడుం మీద పెట్టుకుని ఆవిడ నిలబడి ఉన్నారు.

"నన్ను పిండి సేసి కుక్కేరా? మెట్లెక్కి మోకాళ్ళు పీక్కుపోతన్నా, మీ పూజ సెడిపోకూడదని పాడేను బాబూ! సస్తా ఫోనంటావా? నీ సెవుల్లో ఏటెట్టుకున్నావు?"

బ్రహ్మచారి నోరు తెరిచేలోపు గుమ్మంలో సూరి ప్రత్యక్షమయ్యాడు. నురగ ఎండి ఒళ్ళంతా తెల్లగా చారలు కట్టింది.

"మోటర్ ఎవరు బంద్ చేసిన్రు అంకుల్? నీళ్ళు లేవు, లిఫ్ట్ లేదు, ఇప్పుడు మొత్తం బిల్డింగ్‌ల కరెంట్ సుత లేదు..." అని, దీపం పట్టుకున్న ఆవిడనీ, తువ్వాళ్ళు పట్టుకున్న పెద్దవాళ్ళనీ చూసి గొంతు తగ్గించాడు. "సారీ అంకుల్. పూజల ఉన్నరా?"

నరసరాజుగారు లేచి అందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పారు. సూరికి తన స్నానానికని తోడిపెట్టుకున్న బకెట్టు ఇచ్చారు. అదృష్టం, పొద్దుట్నుంచి ఈ హడావుడిలో తలంటు సంగతే మరిచిపోయారు.

బ్రహ్మచారి మాత్రం లొంగలేదు.

"నా చెవిల తప్పులేదు రాజుగారూ. ఎదురుంగ మనిషి పాడినా ఫోన్ లెక్క వినిపించిందంటే తప్పు ఈ హాలుది. గోడలు ఖరాబ్. ఈ సెట్టు ఇక్కడ ఒక్క దినం సుత ఉండొద్దు."

శ్రీలేఖకు మామగారి ముఖం చూస్తే జాలేసింది. "మూడోది ఫోనూ కాదు, రికార్డూ కాదు. అది లెక్కలోకి రాదులెండి మావయ్యగారూ. కరెంటొచ్చాక మళ్ళీ పెడతాను."

"వద్దమ్మా," అన్నారు నరసరాజుగారు. "ఇంత మంచి పాట లెక్కలోకి రాదంటే ఎలా? టేబుల్ తెచ్చుకో."

ఆ మర్నాడే డైనింగ్ టేబుల్ వచ్చింది. స్పీకర్లు మంచం పక్కన ఒళ్ళు ఒదిగించుకుని ఆయన గదిలో దూరాయి. రాత్రి పరుపూ, దుప్పట్లూ, తెరల మధ్య భయపడుతూనే ఒక రికార్డు పెట్టారు. ఇన్నాళ్ళూ హాలు గోడలకు కొట్టుకుని చెదిరిపోయిన పాట, ఇక్కడ పరుపు పక్కన వచ్చి కూర్చున్నట్టు వినిపించింది. తలుపు దగ్గర అలికిడయితే చూశారు. శ్రీలేఖ చేతిలో పెరుగన్నం కంచంతో నిలబడి వింటోంది.

"కూర్చోమ్మా," అన్నారు. ఆమె మంచం మీద ఒక మూల కూర్చుంది. కాసేపటికి కొడుకు విశ్వతేజ కూడా కంచంతో వచ్చాడు. మర్నాటి నుంచి అదే అలవాటైంది.

మరుసటి ఆదివారం ఆ మంచం మీద యేసురాజు, బ్రహ్మచారి, కుర్చీలో అమ్మన్నమ్మగారు, కింద చాప మీద ఇంటివాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. బతిమాలించుకుని, గంతలు కట్టుకోకూడదని బ్రహ్మచారి చేత ఒట్టు వేయించుకుని ఆవిడ మళ్ళీ అదే హారతి పాడారు. బ్రహ్మచారి చివరిదాకా కళ్ళార్పకుండా విన్నాడు. తర్వాత నరసరాజుగారి చెవి దగ్గరికి వంగాడు.

"ఇప్పుడు చూసిన్రా, గొంతు ఎంత సాఫ్‌గ వస్తున్నదో? నిజం చెప్పుండ్రి, వైర్లు మార్చిండ్రు కదా?"

డైనింగ్ టేబుల్ కూడా ఊరికే పోలేదు, దాని మీద ఇప్పుడు ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటున్నారు.