కంట్రోలర్‌కు ఆయుధ పూజ

మహర్నవమి పొద్దున శారదాంబ మూడు పనులు అనుకుంది. పులిహోర కలపడం, ఇంట్లోని పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టడం, మనవరాలి ముందు ఏడవకపోవడం. మొదటి రెండూ పదింటికల్లా అయిపోయాయి. మూడోదాన్ని పదకొండు దాటేదాకా ఈడ్చుకు రావాలి.

పదకొండింటికి లిఖిత సిడ్నీలోని ఒక గేమ్ కంపెనీకి వీడియో కాల్‌లో తన పని చూపించాలి. తుపాకీ ఆటల్లో, కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే స్టిక్ ఎంత వంగితే గురి ఎంత కదలాలో అంకెలు వేసి కంప్యూటర్ స్క్రిప్టు రాయడం ఆ పిల్ల పని. వాళ్ళకు నచ్చిందంటే, అక్కడికి విమానంలో పోవాల్సినంత దూరానున్న మాసన్ లేక్స్‌లోని ఈ ఇంటినుంచి సిడ్నీకి వెళ్ళిపోతుంది. భర్తను సాగనంపి, అక్కను సాగనంపి, కూతురిని పెర్త్ పంపిన శారదాంబకు ఎయిర్‌పోర్టంటే అయినవాళ్ళ వీపులు చూసే చోటు.

అయినా పిల్లకు అన్నం పెట్టే పనిముట్టు కదా అని, కారుకూ కుక్కరుకూ పెట్టిన చేత్తోనే కంట్రోలర్‌కూ గంధం బొట్టు పెట్టింది. ఈమధ్య ఆ చెయ్యి వణుకుతోంది. చుక్క పడాల్సిన చోట చెంచాడు పడి, స్టిక్ మొదట్లోకి జారిపోయింది. పైపైన తుడిచి, కుంకుమ అద్ది, దణ్ణం పెట్టుకుంది.

పదింబావుకు లిఖిత ఆట తెరిస్తే, తెరమీద తుపాకీ దానంతటది ఎడమవైపు తిరిగిపోతోంది.

"నో నో నో! నిన్న బాగానే ఉంది! స్క్రిప్ట్‌లో ఏం మార్చాను నేను?"

"లిఖితా, అది నావల్లేనే..." అంటూనే శారదాంబ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

లిఖిత గబుక్కున వచ్చి వాటేసుకుంది. "నానమ్మా, ప్లీజ్. ఇంకా జాబ్ రాలేదు. ఇప్పుడే ఏడవకు."

కొడుకు శివప్రసాద్ గదిలోకి వచ్చాడు. తల్లి కళ్ళు చూడగానే అతనికి సంగతంతా అర్థమైపోయింది, తప్పుగా. "అమ్మా, పిల్ల ఎదగొద్దా? నువ్విలా చేస్తే ఎట్లా?"

"నేను చేసింది అది కాదురా, బొట్టు..."

"బొట్టు పెట్టే పంపిద్దువుగానిలే."

కంట్రోలర్ చేతికి తీసుకుని, "తడిగా ఉందే! చెమ్మ పట్టింది" అని అతను హెయిర్ డ్రయ్యర్ తెచ్చాడు. పది నిమిషాలు వేడిగాలి కొట్టేసరికి లోపలి గంధం గట్టిపడింది. వదిలేసినా స్టిక్ మధ్యకు రాకుండా కాస్త ఎడమకే ఒరిగి ఉంటోంది. ఇప్పుడు తుపాకీ గిరగిరా తిరుగుతోంది.

"డాడీ, గెట్ అవుట్!"

ఇంట్లో ఇంకో కంట్రోలర్ లేదు. స్టిక్ మొదట్లో గడ్డకట్టిన గంధం చూసి, లిఖిత స్క్రిప్టు తెరిచి డెడ్‌జోన్ పెంచింది.

"పండగపూట ఆ పేరేంటే?" అంది శారదాంబ బెదిరిపోతూ.

"స్టిక్ ఇంతవరకు కదిలినా గేమ్ పట్టించుకోదు నానమ్మా. నార్మల్‌గా ఎయిట్ పెడతాం. ఇప్పుడు థర్టీ పెడితేగానీ ఆగట్లేదు." అప్పుడు స్టిక్ కొంచెం వంచితే కదలని తుపాకీ, ఇంకాస్త వంచగానే ఒక్కసారిగా ఎగిరిపడింది. సెన్సిటివిటీ తగ్గించింది. సైనికుడు నిద్రమొహంతో తిరిగినట్టు తిరిగాడు. అంతలో పదకొండయింది.

సిడ్నీ నుంచి అమృత తెరమీదకు వచ్చింది. ఆ కంపెనీలో పెద్ద హోదా. తెలుగావిడే. లిఖిత అలవాటుకొద్దీ వేగంగా ఆరు బొమ్మలకు గురిపెట్టి ఆరూ తప్పింది.

"డెడ్‌జోన్ థర్టీనా? వై?" అడిగింది అమృత.

లిఖిత కంట్రోలర్‌ను ఒళ్ళో పెట్టుకుంది. శారదాంబ ఇక ఆగలేక కెమెరా ముందుకు వచ్చేసి రెండు చేతులూ చూపించింది. "పిల్ల తప్పేం లేదమ్మా. నా చెయ్యి వణుకుతుంది. అందువల్లే ఇదంతా."

అమృత ముందుకు వంగింది. "మీ కోసం చేసిందా? ఆంటీ, ఒక్కసారి మీరు ఆడతారా?"

వివరం చెప్పే వ్యవధి ఎవరికీ దొరకలేదు. కంట్రోలర్ శారదాంబ చేతుల్లోకి వచ్చింది. వేళ్ళు వణుకుతున్నాయి. తెరమీద గురి మాత్రం నిలకడగా నిలిచింది. చాలా రోజులుగా ఆవిడ చేతిలో ఏదీ అంత కుదురుగా నిలవలేదు.

కింద పెట్టేస్తే చాలు. "నావల్ల కాదమ్మా" అంటే, పిల్ల ఈ ఇంట్లోనే ఉంటుంది. శారదాంబ పక్కకు చూసింది. లిఖిత గోళ్ళు కొరుక్కుంటోంది, చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర కొరుక్కున్నట్టే.

శారదాంబ స్టిక్‌ను మెల్లగా వంచి, బటన్ నొక్కింది. బొమ్మ పడింది. ఇంకోటీ పడింది.

"అది నానమ్మ కోసం చేసింది కాదు మేడమ్," అంది లిఖిత ఉండబట్టలేక. "స్టిక్‌లో గంధం పడిందని పదింబావుకు తెలిసింది, తిరగకుండా ఆపడానికి..."

అమృత ఇక్కడిదాకా వినిపించేలా నవ్వింది. "ఎందుకు చేస్తేనేం? చేతులు వణికేవాళ్ళ కోసం ఆర్నెల్లుగా మావాళ్ళు వెతుకుతున్న సెట్టింగ్స్ ఇవి. ముప్పావుగంటలో కుదిర్చావు. మండే నుంచి రాగలవా?"

లిఖిత నానమ్మ వైపు చూసింది.

"వస్తుందమ్మా," అంది శారదాంబ.

శివప్రసాద్ పదకొండున్నరకల్లా విమానం టికెట్టు తీసేశాడు. అతను ఏ పనైనా అనుకున్న పూటే చెయ్యడం ఆ ఇంట్లో అదే మొదలు.