నూటికి ముప్ఫై బురద

"ఈ క్షణం నుంచి నా ఏలుబడిలో మట్టి రోడ్డన్నది లేదు!" అని రోడ్ల శాఖ మంత్రిగారు బల్ల గుద్ది మరీ ప్రకటించారు. బల్ల మీది గ్లాసు ఒరిగి, నీళ్ళు చీఫ్ ఇంజనీరుగారి ఒళ్ళో పడ్డాయి. ఆయన తడిసిన ప్యాంటుతోనే లేచి చప్పట్లు కొట్టారు. ఆయన్ని చూసి హాలంతా కొట్టింది.

నేను మంత్రిగారి ఫొటోగ్రాఫర్ని. ఆయన ఎక్కడ నిలబడితే నేను ఆయనకి ఎదురుగా నిలబడతాను. అంతకు మించి నాకు రాజకీయాలు తెలియవు. కాబట్టి ఇందులో ఎక్కడైనా పొగడ్త కనిపిస్తే అది నా తప్పు కాదు, ఆయన గొప్పతనం.

ఆ ప్రకటన చేసి తిరిగి వస్తుంటే, ఆయన లేదన్న మట్టిలోనే ఆయన బండి జారింది. మామూలు బండా అది? మెట్టెక్కితే గానీ లోపలికి పోలేని ఎస్‌యూవీ. మలుపులో తిరగమంటే తిరగనని మొరాయించి, నేరుగా వెళ్ళి కాలవగట్టుని కుమ్మింది. మంత్రిగారి నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది.

"ఏమయ్యా, నిద్రపోతున్నావా?" అని డ్రైవరు మీద ఎగిరారు.

డ్రైవర్ని అందరూ క్లచ్చయ్య అంటారు. ఎవరేమన్నా నిదానంగా వదులుతాడు గానీ ఒక్కసారిగా పైకి రాడు. దిగి, టైరు మీద అరచెయ్యి రాసి, "నేను కాదండీ, ఇవి నిద్రపోతున్నాయి. చూడండి, నున్నగా గుండులా ఉన్నాయి. బురదని పట్టుకోవాలంటే వీటికి గోళ్ళుండాలి కదండీ" అన్నాడు.

"బురదా? ఏ బురద?" అన్నారు మంత్రిగారు, పిక్కల దాకా అందులో నిలబడి.

ఆ నిబ్బరం చూసి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. చేతుల్లో కెమెరా ఉంది కనుక నడుం పైనుంచి ఫొటో తీసి సరిపెట్టుకున్నాను.

మర్నాడు అందరం టైర్ల షాపుకి వెళ్ళాం. మంత్రిగారు, ఆయన పీఏ, చీఫ్ ఇంజనీరుగారు, క్లచ్చయ్య, నేను. కప్పు దాకా పేర్చిన టైర్ల మధ్య, కొత్త రబ్బరు వాసనలో మంత్రిగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. షాపాయన మూడు టైర్లు దొర్లించుకొచ్చి ముందు నిలబెట్టాడు.

"ఇది హైవే టైరు సార్. తారు మీద చప్పుడుండదు, వానలో బ్రేకు బాగా పడుతుంది. బురదలో మాత్రం గాడులన్నీ నిండిపోయి అక్కడే గిర్రున తిరుగుతుంది. ఇది మడ్ టైరు. ఎలాంటి ఊబిలోంచైనా లాక్కొస్తుంది, కానీ తారు మీద గుయ్యిమని మోత, త్వరగా అరిగిపోతుంది. మధ్యలో ఉన్నది ఆల్ టెరైన్. అందులో కాస్త, ఇందులో కాస్త. ఏది తీసుకున్నా నాలుగూ ఒక్కటే రకం వెయ్యాలి. ఇంతకీ మీ బండి తారు మీద ఎంత తిరుగుతుంది, మట్టిలో ఎంత తిరుగుతుంది? అదొక్కటీ చెబితే చాలు."

షాపులో ఫ్యాను తప్ప ఎవ్వరూ ఊపిరి తీసుకోలేదు. ప్రతిపక్షం ఇన్నేళ్ళుగా గొంతు చించుకుని కూడా ఇంత ఘోరమైన ప్రశ్న అడగలేకపోయింది.

"నువ్వు ఏ పార్టీ?" అన్నారు మంత్రిగారు.

"టైర్లండీ" అన్నాడు షాపాయన.

క్లచ్చయ్య ఊరుకోకుండా, "డెబ్భై తారు, ముప్ఫై బురద" అనేశాడు. పీఏ గారు ఒక్క గెంతు గెంతి క్లచ్చయ్య ముందు నిలబడి, "నూటికి నూరూ తారే!" అన్నారు.

"అయితే హాయిగా హైవే టైర్లు తీసుకోండి. దిగబడితే మాత్రం నన్ననకండి" అన్నాడు షాపాయన.

మంత్రిగారి చెయ్యి దానంతటదే నుదుటి బొప్పి మీదికి వెళ్ళింది. పాపం, అడకత్తెరలో పోకచెక్క అయిపోయారు. గోళ్ళున్న టైరు కొంటే బురద ఉందని ఒప్పుకున్నట్టు. నున్నటిది కొంటే రెండో బొప్పికి సిద్ధపడినట్టు. ఇలాంటి చోట మామూలు మనిషైతే ఏదో ఒకటి కొనుక్కుని పోతాడు. ఆయన మంత్రి కనుక కమిటీ వేశారు.

బయటికొస్తూ పీఏ గారు నా చెవిలో, "ఆ ముప్ఫై గానీ కాగితం మీదికెక్కిందో, కొంప మునిగినట్టే. బురద ఉందని మనమే రాసుకుంటే, ఎక్కడుందో అక్కడ రోడ్డు వెయ్యాల్సొస్తుంది" అన్నారు.

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎందుకంటే అలాంటి బురదే మా వీధి నిండా.

కల్వర్టు దాటాక మైలు పొడుగునా మా కాలనీ రోడ్డు. లెక్కల్లో ఎప్పుడో పూర్తయింది. మాకే ఆ సంగతి తెలియదు. వానలు మొదలయ్యాయంటే ఆటోలన్నీ కల్వర్టు దగ్గరే ఆగిపోతాయి. మా మేనత్తకి కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళకపోతే బతకదు. నేనూ, పక్కింటి వడ్రంగి బావా ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కల్వర్టు దాకా మోస్తాం. ఎండాకాలం నేల గట్టిపడితే ఆటో గుమ్మం ముందుకే వస్తుంది. ఏడాదిలో ఆ రెండు నెలలే ఆవిడకి పండగ.

అమ్మా నాన్నా లేని నన్ను కుట్టుమిషను తొక్కి పెంచిందావిడే. "మిషను తొక్కి బతికాను, ఇప్పుడు మిషనే నన్ను బతికిస్తోంది. మధ్యలో ఈ బురదకే నేనంటే పడట్లేదు" అంటుంది.

ఆ సాయంత్రం టైర్ల సంగతి చెబితే కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంది.

"ఒరేయ్, ముప్ఫై అని రాస్తే రోడ్డొస్తుందంటావా?"

"పీఏ గారే అన్నారత్తా."

"అయితే ఎలాగైనా రాయించరా. ఆ టైర్లకి పుణ్యముంటుంది. మొన్న నువ్వు జారినప్పుడు నా ప్రాణం పైకెళ్ళి, కిందికి చూసి, బురద చూసి, మళ్ళీ పైకే పోదామనుకుంది."

కమిటీ మంత్రిగారి బంగళాలో సమావేశమైంది. మూడు టైర్లకీ మూడు కుర్చీలు వేశారు. కూర్చునేవాళ్ళకి ఒకటి తక్కువైంది కనుక క్లచ్చయ్య నిలబడ్డాడు.

"ముందు రెండూ హైవే టైర్లు, వెనక రెండూ మడ్ టైర్లు వేద్దాం సార్" అన్నారు పీఏ గారు. "ఫొటోలు ముందు నుంచే తీస్తారు కదా."

"అలా వేస్తే మలుపులో ముందొక దారి, వెనకొక దారి పోతుందండీ" అన్నాడు క్లచ్చయ్య.

"మన పార్టీ ఏళ్ళ తరబడి అలాగే నడుస్తోంది, ఏమైందిప్పుడు?" అన్నారు మంత్రిగారు. అయినా బొప్పి తడుముకుని, ఆ ఆలోచన మానుకున్నారు.

చీఫ్ ఇంజనీరుగారు గొంతు సవరించుకున్నారు. "బురద ఉందనాలి, కానీ మనది కాదనాలి. ప్రతిపక్షం వాళ్ళ నియోజకవర్గంలో తిరిగిన లారీల టైర్లకి అంటుకుని మన తారు మీదికి వచ్చిన బురద. అంటే, వలస బురద."

మంత్రిగారు ముగ్ధులైపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఫొటోగ్రాఫర్ అన్నవాడు నోరెత్తకూడదని తెలిసీ ఎత్తాను.

"సార్, లారీ కాదు కదా, ఆటో కూడా రాదు సార్ మా వీధికి. అయినా మైలు పొడుగునా బురదే."

"మీ కాలనీయా? అక్కడ రోడ్డు పూర్తయింది" అన్నారు ఇంజనీరుగారు.

"రోజూ అందులోనే నడిచి వస్తున్నాను సార్."

"నడిచేవాడికి రోడ్డేం తెలుస్తుందయ్యా? రోడ్డు సంగతి బండికి తెలియాలి."

"అయితే బండినే పంపండి సార్" అన్నాను.

క్లచ్చయ్య మధ్య కుర్చీలో ఉన్న ఆల్ టెరైన్ టైరుని కిందికి దించి, మెల్లగా ముందుకి దొర్లించాడు. అది వెళ్ళి మంత్రిగారి మోకాలికి ఆనుకుని ఆగింది. ఆయన దాని గాడుల్లో వేలు పెట్టి చాలాసేపు ఆలోచించి, "కర్రా విరగదు, పామూ చావదు. అచ్చం నాలాగే ఉంది. ఇదే వెయ్యండి" అన్నారు. కొనడానికి కారణం రాయాలి కనుక, 'డెబ్భై శాతం తారు, ముప్ఫై శాతం బురద' అని రాసి సంతకం చేశారు. ఆ సంతకాన్ని మూడు కోణాల్లో ఫొటో తీశాను. జన్మలో అంత మంచి ఫొటోలు తియ్యలేదు.

వారం తిరక్కుండానే కొత్త టైర్లతో బండి మా కాలనీకి వచ్చింది. అబ్బ, ఏం టైర్లండీ! కల్వర్టు దిగి, ఊబిలా ఉండే మలుపు దగ్గర ఒక్కసారి మూలిగి, బురదని రెండు పక్కలా ఇళ్ళ గోడల మీదికి విసురుతూ నేరుగా మా గుమ్మం ముందుకొచ్చి ఆగింది. వానాకాలంలో మా వీధికొచ్చిన మొదటి బండి అదే. పిల్లలు ఈలలు వేశారు. మా అత్త కళ్ళు తుడుచుకుంది.

మంత్రిగారు కిటికీ అద్దం సగం దించారు. "ఏమ్మా, బాగున్నారా?"

"ఇవాళ నా డయాలసిస్ రోజు బాబూ. దేవుడిలా వచ్చారు. అలా ఆస్పత్రి దగ్గర దింపేస్తారా?"

"తప్పకుండా!" అన్నారు మంత్రిగారు. అని, పీఏ వైపు తిరిగి, "రాసుకోండి, ఈ అమ్మని తప్పకుండా దింపాలి" అన్నారు. పీఏ గారు రాసుకున్నారు. అద్దం పైకి లేచింది, బండి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మేం కుర్చీ ఎత్తుకున్నాం. కొత్త టైర్లు చేసిన గాడుల్లో కాలు ఇంకో జానెడు లోతుకి దిగుతోంది.

"పోనీలేరా, వచ్చి చూశాడుగా. రోడ్డొస్తే చాలు" అంది అత్త మా భుజాల మీంచి.

రోడ్డెప్పుడని అడగడానికి చీఫ్ ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, సొంత తమ్ముడికి చెప్పినట్టు చెప్పారు.

"చూడవయ్యా. ముప్ఫై శాతం బురద ఉందని చూపించి టైర్లు కొన్నాం. రోడ్డు వేస్తే బురద పోతుందా, పోదా?"

"పోతుంది సార్."

"బురద పోతే, బురద టైర్లెందుకు కొన్నారని ఆడిట్ వాళ్ళు అడుగుతారా, అడగరా?"

"అడుగుతారు సార్."

"అందుకే టైర్లు అరిగేదాకా బురద ఉండి తీరాలి. మిగతా అన్ని చోట్లా మట్టే లేదని మంత్రిగారు ప్రకటించేశారు. కాబట్టి ఆ ముప్ఫై శాతమూ మీ వీధే. గర్వంగా లేదూ?"

నేను పిచ్చివాడిలా బయటికొచ్చి క్లచ్చయ్యని వెతుక్కున్నాను. "మావయ్యా, ఆ బండిని కాస్త ఎక్కువ తిప్పు. త్వరగా అరగనీ" అని బతిమాలాను.

"ఎక్కడ తిప్పనురా?" అన్నాడాయన. "తారు మీద ఆ టైర్ల మోతకి అయ్యగారికి తలనొప్పొస్తోందట. చిన్న కారెక్కి తిరుగుతున్నారు. బండికి ముసుగేసి షెడ్లో పెట్టాం."

చేసేది లేక ఎండాకాలం కోసం చూశాం. వచ్చింది. నేల బీటలు వారి, రాయిలా గట్టిపడింది. మా అత్త చీర కుచ్చిళ్ళు పైకి దోపుకోకుండా, చెప్పులు వేసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుమ్మం దిగింది. ఆటో ఇంటి ముందే ఉంది. "చూశావట్రా, రాణీగారి ప్రయాణం!" అని నవ్వుతూ ఎక్కబోయింది.

అప్పుడే కల్వర్టు మీదుగా ట్యాంకరొకటి మా వీధిలోకి తిరిగింది. వారం రోజులుగా కుళాయిల్లో చుక్క లేదు. వీధిలో ఆడవాళ్ళంతా బిందెలూ బకెట్లూ తీసుకుని పరుగెత్తారు. వడ్రంగి బావ వాళ్ళావిడ అందరికన్నా ముందు చేరి, పైపు కింద బిందె పెట్టింది.

ట్యాంకరతను దిగి, ఆ బిందెని మర్యాదగా పక్కకి జరిపాడు. "ఇవి మీకు కాదమ్మా, రోడ్డుకి" అని పైపు తిప్పాడు.

నీళ్ళు వీధంతా పరుచుకున్నాయి. ఆటో డ్రైవరు కాసేపు చూసి, ముందు చక్రం జారడం మొదలవగానే బండి తిప్పుకుని, కల్వర్టు దగ్గర ఉంటానని చెప్పి వెళ్ళిపోయాడు. మా అత్త చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

"ఎన్నాళ్ళు పోస్తావు నాయనా?" అని అడిగింది.

"రోజూ పొద్దున్నే పొయ్యమన్నారమ్మా. టైర్లు అరిగేదాకానట. ఏ టైర్లో నాకు తెలీదు."

మా అత్త నా వైపు చూసింది. నేను కెమెరా బ్యాగు గుమ్మంలో పెట్టేసి, కుర్చీ తేవడానికి లోపలికి వెళ్ళాను.