అవాత్ కోసం వచ్చిన జనం

దానిమ్మ పార్టీకి కలార్ పట్టణంలో ఆరుగురు సభ్యులు. ఆరుగురూ కూర్చునేది ఫతాహ్ మాస్టారి ముందు గదిలో. అందుకని ఊళ్ళో ఎవరూ దాన్ని దానిమ్మ పార్టీ అనరు. గెలావేజ్ గారి చాయ్ పార్టీ అంటారు.

"పార్టీ పెట్టింది నేను. పేరు నీకా?" అని మాస్టారు భార్య మీద విసుక్కునేవారు.

"చాయ్ పెట్టేది ఎవరు మరి?" అనేది గెలావేజ్.

కుర్దిస్తాన్ పార్లమెంటు ఎన్నికలకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. మాస్టారు అభ్యర్థి. మొదటి సభకు నలభై కుర్చీలు వేయిస్తే పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు ఎండ తట్టుకోలేక నీడకు వచ్చినవాళ్ళు. ఒకడు కుర్చీలు అద్దెకిచ్చినవాడు.

మర్నాడు రొట్టెల భట్టీ యజమాని తల్లి పోతే, మసీదు హాల్లో పెట్టిన పిర్సాకు వెళ్ళారు మాస్టారు. మూడు రోజుల పరామర్శ. గుమ్మంలో ఇంటివాళ్ళు వరసగా నిలబడితే, ఊరంతా వచ్చి వాళ్ళ చేయి పట్టుకుని, అరచేతులు పైకెత్తి ప్రార్థించి, చేదు కాఫీ తాగి వెళుతోంది. పెద్ద పార్టీల అభ్యర్థులందరూ ముందు వరసలోనే ఉన్నారు. పిలవకుండా నాలుగు వందల మంది! పైగా ఒక్కొక్కరూ వచ్చి చేయి పట్టుకుంటున్నారు!

మాస్టారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిర్సా పెట్టాలంటే ఇంట్లో ఎవరైనా పోవాలి. ఆయన ఇంట్లో పోయినవాళ్ళకు పిర్సాలు ఎప్పుడో జరిగిపోయాయి. ఒక్కడికి తప్ప.

ముప్పై ఏళ్ళ కిందట ప్రభుత్వ సైన్యం కుర్దుల ఊళ్ళకు ఊళ్ళనే లారీల్లోకి ఎక్కించినప్పుడు గెలావేజ్ తమ్ముడు అవాత్ కూడా ఎక్కాడు. ఇరవై ఏళ్ళవాడు. దిగిన చోటు ఎవరికీ తెలియదు. మిగిలింది ఒక నడికట్టు, అంగీ మీద నడుముకు చుట్టుకునే పూల గుడ్డ. ప్రతి వసంతంలోనూ గెలావేజ్ దాన్ని ఉతికి, ఆరేసి, మడిచి దాస్తుంది. ఎవరైనా పిర్సా మాట ఎత్తితే, "వాడు పోయాడని నీకెవరు చెప్పారు?" అని లేచిపోయేది. రెండేళ్ళ కిందట వీధిలో ఆడవాళ్ళతో పాటు వెళ్ళి, సామూహిక గోతుల్లో దొరికిన ఎముకలతో పోల్చడానికి రక్తమిచ్చి వచ్చింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పొద్దున్నే మాస్టారు వంటింటి గడపలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

"గెలావేజ్, అవాత్ నా కలలోకి వచ్చాడు."

"ఏమన్నాడు?"

"అక్కాబావలు నాకు పిర్సా పెట్టలేదే అని బాధపడ్డాడు."

గెలావేజ్ వంకాయలో బియ్యం కూరడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది. మాస్టారు చెప్పుల కోసమో ఏమో నేల వెతుక్కున్నారు.

"సరే, పెట్టు," అంది.

"ఆఁ?"

"పెట్టమన్నాను కదయ్యా. కానీ ఊరంతా తెలియాలి. అవతలి ఊళ్ళకు కూడా. గోడగోడకీ నోటీసు పడాలి. నువ్వే తిరగాలి."

తన ఉపన్యాస కళ ఇంతటిదని మాస్టారికి అప్పటివరకూ తెలియదు.

వారం రోజులు కాళ్ళరిగేలా తిరిగారు. ఎన్నికల పోస్టరు అంటించడానికి ఒప్పుకోని దుకాణంవాడు కూడా చావు నోటీసు కాదనలేడు కదా! తిరిగిన ప్రతి ఊళ్ళోనూ చెమట తుడుచుకుంటూ, "నా సొంత తమ్ముడిలాంటివాడు," అని చెప్పారు. పిర్సా రోజుకు లోపలి జేబు నిండా దానిమ్మ బొమ్మ కార్డులు కూరుకుని మసీదు హాలు గుమ్మంలో నిలబడ్డారు.

జనం వచ్చారు. మాస్టారు ఊహించినదానికి మూడింతలు వచ్చారు. కార్డు తీయడానికి మాత్రం చేయి ఖాళీ లేదు. కుడిచేయి ఒకరు పట్టుకుంటే ఎడమచేయి ఇంకొకరు పట్టుకున్నారు. దూరపు ఊళ్ళ ముసలివాళ్ళు వదలనేలేదు. "నా కొడుకుదీ అదే లారీ, మాస్టారూ," అన్నాడొకడు. "మా వాళ్ళు ఏడుగురు. ఎవరికీ పిర్సా పెట్టలేదు. మీవాడి దగ్గరే కూర్చుని పోతాం," అన్నాడింకొకడు. ఈలోగా పెద్ద పార్టీల అభ్యర్థులు తమ పేర్లున్న పూలచక్రాలతో ముందు వరస ఆక్రమించారు. దానిమ్మ పార్టీ మిగతా అయిదుగురూ కాఫీ గిన్నెలు మోస్తూ వాళ్ళకే వడ్డించారు.

మూడో రోజు మధ్యాహ్నం మాస్టారు ఉక్రోషంతో ఇంటికి పరుగెత్తారు. ఆడవాళ్ళ పరామర్శ అక్కడే. వాకిట్లో ఆయన పోస్టర్లు అంటించిన గోడ ఉండాలి. గోడ ఉంది, ఆయన ముఖమే లేదు. వచ్చిన ఆడవాళ్ళు తమ పోయినవాళ్ళ ఫోటోలు తెచ్చి ఆ పోస్టర్ల మీదే అంటించారు. మాస్టారి చెవి ఒకటి మాత్రం ఎవరి భుజం వెనకనుంచో కనిపిస్తోంది.

"గెలావేజ్! ఏమిటిది? నేను ఇంత కష్టపడి..."

ఆమె ఆయన చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, పూల నడికట్టు మడత విప్పింది. లోపల ముద్ర వేసిన కాగితం ఉంది.

మాస్టారు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. గెలావేజ్ రక్తంతో ఎముకలు సరిపోలాయి. వచ్చే నెల ఎముకల పెట్టె అప్పగిస్తారు. కాగితం మీద తేదీ చూస్తే నెలన్నర కిందటిది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మైకులో చెప్పేవాడివి."

"మరి పిర్సాకు..."

"నేను పిలిస్తే మన వీధిలో ముప్పైమంది వచ్చేవాళ్ళయ్యా. నీకు ఓట్లు కావాలంటే ఎంత దూరమైనా తిరుగుతావని తెలుసు. తిరిగావు." నడికట్టు మళ్ళీ మడుస్తూ అంది. "వాడికి జనమంటే ఇష్టం. పెళ్ళి జరుగుతోందంటే మూడు ఊళ్ళు దాటి నడిచివెళ్ళి ఆడేవాడు. ఆ కల మాత్రం ఇంకెప్పుడూ చెప్పకు. ముప్పై ఏళ్ళనుంచీ నా కలలోకే రానివాడు నీ కలలోకి వస్తాడా?"

మాస్టారు జేబులోంచి కార్డుల కట్ట తీసి, పొయ్యి పక్కన పెట్టి, ఒట్టి చేతులతో హాలుకు తిరిగి వెళ్ళారు. గుమ్మంలో తన చోట నిలబడ్డారు. ఈసారి ఎవరు చేయి పట్టుకుంటున్నారో ఆయనకు కనిపించలేదు.

పెద్ద పార్టీ అభ్యర్థి వెళ్ళిపోతూ ఆయన్ని కౌగిలించుకుని, చెవిలో మెచ్చుకోలుగా అన్నాడు. "ఏడుపు అద్భుతం మాస్టారూ! నిజం చెప్పండి, దీనికి ఎన్ని ఓట్లు పడతాయంటారు?"

మూడు నెలలుగా ఆ ప్రశ్న ఎవరడిగినా మాస్టారి దగ్గర లెక్క సిద్ధంగా ఉండేది.

"మా బామ్మర్ది," అన్నారు మాస్టారు. "ఇరవై ఏళ్ళవాడు."