వెన్న తగలని పెనం

శుక్రవారం పొద్దున కోటేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం ఉదయగిరి నుంచి కూతురు చైత్ర వస్తుంది, వెంట ఐదేళ్ల మనవరాలు అశ్విత. పిల్లను హోటల్లో కూర్చోబెట్టి, తన చేత్తో ఒక దోశ వేసి తినిపించాలి. అంతే. ఆత్మకూరు బస్టాండు పక్కన వెన్న దోశకు పేరుపడ్డ హోటలు యజమానికి ఇదేం పెద్ద పని అనుకుంటారు ఎవరైనా.

కానీ ఆ పిల్లకు పాలు పడవు. పెరుగు, నెయ్యి, వెన్న, ఏవీ పడవు. పోయినసారి వచ్చినప్పుడు "చిటికెడు వెన్నకు ఏమైతాదిలే" అని కోటేశ్వర్ నాలుక మీద పెడితే, పిల్ల మొహం పూరీలా పొంగింది. నెల్లూరు ఆసుపత్రికి పరుగెత్తారు. అప్పటి నుంచి చైత్ర పిల్లను హోటలు దరిదాపులకు తీసుకురాలేదు. బతిమాలగా బతిమాలగా ఈసారికి ఒప్పుకుంది.

"ఒక్క చుక్క తగిలినా మళ్లా నీ హోటలు మెట్టెక్కం నాయనా," అంది ఫోన్లో. "నువ్వు గిరాకీ చూస్తావు. పిల్లను చూడవు."

ఆ రెండో మాట కోటేశ్వర్‌కు ముల్లులా దిగింది. నిజం మాటలకు ఆ గుణం ఉంది.

"నూనేసి ఉత్త దోశ పోసిపెట్టు, పిల్ల తింటాది," అంది భార్య చెంచులక్ష్మి.

"ఊరంతా వెన్న దోశ తింటా ఉంటే నా మనవరాలు ఉత్త దోశ తినాల్నా? వెన్న లేకుండా వెన్న దోశ పోస్తా, చూడుమే!"

పంతం పట్టిన మనిషి ముందు బజారు మీద పడ్డాడు. పచ్చగా, అచ్చం వెన్నలా ఉన్న పొట్లం ఒకటి తెచ్చాడు. చెంచులక్ష్మి కళ్లద్దాలు పెట్టుకుని, చీమ కాళ్లంత అక్షరాలు చదివి, "ఇందులో పాలపొడి ఉండాది," అంది.

"వెన్న కానిదాంట్లో పాలపొడి దేనికి?"

"వెన్న అనిపించుకునేదానికి."

తర్వాత శెనక్కాయలు వేయించి రుబ్బారు. రొట్టెకు పూసుకుంటే బాగానే ఉంది గానీ పెనం మీద పడగానే మాడి, హోటలంతా పొగ చేసింది. జీడిపప్పు ముద్ద మాడలేదు, కరగనూ లేదు. దోశ మీద పిల్లి కూర్చున్నట్టు కూర్చుంది. ఉత్త కొబ్బరినూనె వేస్తే దోశ తల దువ్వుకుని వచ్చినట్టుంది. చివరికి కాల్చడానికి ఒకటి, పైన వెయ్యడానికి ఒకటి అని తేల్చుకున్నాడు. కాల్చడానికి గానుగ శెనక్కాయ నూనె. పైన వెయ్యడానికి, చిక్కటి కొబ్బరిపాల మీగడలో చారెడు కొబ్బరినూనె, ఉప్పు వేసి చిలికి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన ముద్ద. చూడ్డానికి వెన్నే. నాలుక మీద వేసుకుంటే వెన్నకు దాయాది. ఎండకు గిన్నెలోనే నీరైపోతోందని దానికో ఐసు డబ్బా కూడా ఏర్పాటయింది.

ఇక మిగిలింది పెనం. హోటలు పెనానికి పాతికేళ్ల వెన్న పట్టి ఉంది. కొత్త పెనం, కొత్త అట్లకాడ కొన్నాడు. వాటిని ఓ మూల వేరే పొయ్యి మీద పెట్టాడు. తన ఒంటి మీది వెన్న అంటుకుంటుందేమోనని స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని గానీ వాటి దగ్గరకు పోలేదు.

శనివారం పొద్దున బట్టల కొట్టు జనార్దనయ్య రోజూ తినే వెన్న దోశకు వచ్చి, ఆ మూలకు నడిచాడు.

"ఏంది కోటేశ్వరా, కొత్త పెనం?"

"ముట్టుకోబాకయ్యా! దానికి వెన్న తగలకూడదు."

"వెన్న దోశల హోటల్లో వెన్న తగలకూడదా? ఎందుకని?"

కోటేశ్వర్ పెనానికి అడ్డంగా జరిగాడు. ఈ హోటలు వెన్న తిని పిల్ల ఆసుపత్రిలో పడిందని చెబితే సాయంత్రానికి బల్లల మీద ఈగలు తప్ప ఎవరూ ఉండరు.

"అదంతే. మాట ఇచ్చినాను," అన్నాడు.

"ఎవరికి? మొక్కా?"

కోటేశ్వర్ మాట్లాడలేదు. మన దగ్గర మౌనానికి ఒకటే అర్థం, దేవుడు. మధ్యాహ్నానికి కోటేశ్వర్ దీక్ష పట్టాడని బస్టాండంతా తెలిసిపోయింది. వెన్న అమ్ముకు బతికేవాడు వెన్ననే వదిలాడంటే అది మామూలు దీక్ష కాదని కూడా జనమే తేల్చారు. సాయంత్రానికి "అన్నా" పోయి "స్వామీ" వచ్చింది. చేజర్ల నుంచి వచ్చిన ఒకామె ఐసు డబ్బా ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది.

"స్వామీ, ఆ మడి పెనం మీద మాకొక దోశ."

"కుదరదు తల్లీ."

కుదరదన్న కొద్దీ పెనం మహిమ పెరిగింది. మనిషికి ఒళ్లు బాగాలేదంటే పలకరించే దిక్కుండదు. దీక్ష అంటే చాలు, వరస కట్టి నిలబడతారు.

ఆదివారం హోటలు కిటకిటలాడింది. కోటేశ్వర్ ఉదయగిరి బస్సుకు ఎదురెళ్లి, మనవరాలిని చంకన వేసుకుని, చైత్రను వెంటబెట్టుకుని వచ్చాడు. గడప దాటగానే ముక్కుకు కమ్మటి వాసన తగిలింది. కొత్త పెనానికి కుంకుమ బొట్లున్నాయి. పొయ్యి వెలుగుతోంది. పెనం మధ్యలో గరిటెడు నెయ్యి చిటపటలాడుతోంది.

"ఎవుర్రా నెయ్యి పోసింది?"

జనార్దనయ్య చేతులు జోడించాడు. "నేనే స్వామీ. తొలి నైవేద్యం. మంచి ఆవు నెయ్యి. వెన్న తగలకూడదన్నావు గానీ, నెయ్యి తగలకూడదని అనలేదు గదా!"

లోపల పిండి కలుపుతున్న చెంచులక్ష్మి బయటికొచ్చి నెత్తి కొట్టుకుంది. చైత్ర ఆ నెయ్యి వైపు చూసింది. తండ్రి చంకలోంచి పిల్లను తీసుకుని గడప వైపు తిరిగింది.

"పోదాం పా అశ్వితా. అదే బస్సు తిరిగి పోతాది."

కోటేశ్వర్ నిండు హోటలును చూశాడు. కూతురు వీపును చూశాడు.

"దీక్షా లేదు, గాడిదగుడ్డూ లేదు!" అని అరిచాడు. "నా మనవరాలికి వెన్న పడదు! నేను పెట్టిన వెన్నకే మొహం వాచి ఆసుపత్రిలో పడింది. ఈ హోటలు వెన్నే! మీకు చెప్తే గిరాకీ పోతాదని నోరు మూసుకున్నా. ఇప్పుడు చెప్పినా గదా, పొయ్యేవాళ్లు లేచి పోండి!"

నోటి దగ్గరకెళ్లిన ముక్కలు అక్కడే ఆగాయి. గడప దగ్గర చైత్ర కూడా ఆగింది. వెనక్కి వచ్చి, భుజాన ఉన్న సంచిలోంచి గుడ్డ చుట్టిన చిన్న పెనం తీసి తండ్రి చేతిలో పెట్టింది.

"నిన్ను నమ్మి రాలేదు నాయనా, దీన్ని నమ్మి వచ్చినాను. అరిచింది చాల్లే. పో, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో."

లోపలి గ్యాసు పొయ్యి మీద దోశ లేచింది. ఐసు డబ్బాలోని ముద్ద దాని మీద నెమ్మదిగా కరిగింది. కోటేశ్వర్ తుంచి పెడుతుంటే అశ్విత తిని, వేలు నాకి, "ఇంకోటి తాతా" అంది. చైత్ర పిల్ల మొహాన్నే చాలాసేపు చూస్తూ కూర్చుంది. మొహం మొహంలాగే ఉంది.

"ఈ పొద్దుకు ఉండిపోతాంలే మా," అంది తల్లితో.

బయట బల్లల దగ్గర ఎవరూ లేచి పోలేదు. జనార్దనయ్య మాత్రం వంటింటి తలుపు దాకా వచ్చి గొంతు తగ్గించాడు.

"కోటేశ్వరా, నాకూ వెన్న పడదబ్బయ్యా. తిన్న రోజల్లా పొట్ట డోలు మాదిరి ఉంటాది. నువ్వేమనుకుంటావో అని ఇన్నాళ్లూ... నాకూ ఆ కొబ్బరిది ఒకటి పోస్తావా?"

అతని వెనక అప్పటికే నలుగురు నిలబడి పొట్టలు నిమురుకుంటున్నారు.

పాతికేళ్లుగా ఆ హోటలును నడిపింది వెన్న కాదు, మొహమాటం.