జడ్జమ్మగారి సభకు జనం

ఆ రోజు ఉదయం మైకు మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం సభకు హాలు నిండాలి, వచ్చినవాళ్ళు తన్నుకోకూడదు. అంతే. ఈ రెండింట్లో ఏది తప్పినా కొంప మునుగుతుందని తెలుసు కాబట్టి పళ్ళు తోముకుంటున్నంతసేపూ ఆమె దాని గురించే ఆలోచించింది.

ఆమె విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెబుతుంది. నెలకోసారి మతం, రాజకీయం, మానవ హక్కుల మీద ఊరి జనం కోసం ఉపన్యాసాలు పెట్టిస్తుంది. వక్తను పిలవడం, కుర్చీలు వేయించడం, మైకు ముందు నిలబడి "హలో, హలో" అనడం అన్నీ తనే కావడంతో విద్యార్థులు ఆ పేరు పెట్టారు. పిల్లలు పంతుళ్ళకు పెట్టే పేర్లతో పోలిస్తే ఇది సన్మానం కిందే లెక్క. నిజానికి సన్మానం చేయాల్సిందే! నలుగురూ ఒకచోట కూర్చుని, అరుచుకోకుండా మాట్లాడుకుంటే చాలన్న ఒక్క ఆశతో ఇన్నేళ్ళు ఒంటిచేత్తో ఇంత బరువు మోయడం మాటలు కాదు.

కానీ కిందటి సభకు ఎవరూ రాలేదు. అంతకుముందు సభకు వచ్చినవాళ్ళు వేదిక మీది తెర చింపేశారు. రిజిస్ట్రారుగారు ఆమెను గదికి పిలిపించి తలుపు వేయించారు.

"మేడమ్, మీ సభకైతే ఎవరూ రారు, వస్తే తన్నుకునేవాళ్ళే వస్తారు. ఈసారి రెండింట్లో ఏది జరిగినా వచ్చే నెల నుంచి హాలు బ్యాడ్మింటన్‌కి ఇచ్చేస్తున్నా. వాళ్ళు కనీసం మధ్యలో వల కట్టుకుని పోట్లాడుకుంటారు."

ఈసారి వక్త ఎవరో కాదు, మైకు మేడమ్‌కి ఒకప్పుడు న్యాయశాస్త్రం చెప్పిన జడ్జమ్మగారు. మంత్రినైనా, మతపెద్దనైనా ఎదుట కూర్చోబెట్టి "అది సరేగానీ, ఇందులో మీరు చేసిందేమిటి?" అని నవ్వుతూ అడగగల మనిషి. ఆవిడ తీర్పు చెబితే ఓడిపోయినవాడు కూడా వెళ్తూ వెళ్తూ దణ్ణం పెట్టి వెళ్ళేవాడట! అలాంటి గురువుగారి ఎదుట హాలు మూతపడితే ఇక తలెత్తుకోవడం ఎలాగని మేడమ్ బాధ.

పైగా జడ్జమ్మగారికి ఒక పద్ధతి ఉంది. ముందు ఉపన్యాసం, తర్వాత ప్రశ్నలు అనే తంతు ఆవిడ దగ్గర కుదరదు. ముందు జనం అడగాలి, అందులోంచే ఆవిడ మాట్లాడతారు. ఎవరూ అడక్కపోతే కుర్చీలో చేతులు కట్టుకుని జనం కేసి చూస్తూ కూర్చుంటారు. వాళ్ళు ఆవిడ కేసి చూస్తూ కూర్చోవాలి.

"ఏమండీ," అంది మైకు మేడమ్, కాఫీ ఇస్తూ. ఆమె భర్తకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. "ఇవాళ షాపుకొచ్చేవాళ్ళని కాస్త మా సభకు పంపించరూ?"

"కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళు ఉపన్యాసానికి ఎందుకొస్తారే?"

"ఫ్రేము మీద తగ్గిస్తానని చెప్పండి, వాళ్ళే వస్తారు. ఒక ప్రశ్న కూడా నేర్పి పంపండి. 'మతాన్నీ రాజకీయాన్నీ కలపకుండా ఉంచడం అసలు సాధ్యమేనా?' అని."

"ఎవరు అడగాలి?"

"ఎవరో ఒకరు అడుగుతార్లెండి!"

తర్వాత జరిగినదానికి ఈ ఒక్క మాటే మూలం. కానీ అప్పుడెవరూ గమనించలేదు. పక్కనే కూర్చున్న అత్తగారు ఉత్సాహంగా ముందుకు జరిగింది.

"అమ్మాయ్, పొద్దున్న నాతో నడకకొచ్చే ఆడవాళ్ళందర్నీ నేను పట్టుకొస్తా. నాకూ ఓ ప్రశ్న ఉంది."

ఒకసారి ఆసుపత్రిలో అత్తగారు ఒక ప్రశ్న అడిగితే ఆ డాక్టరు మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టేశాడు.

"అందర్నీ తీసుకురండి అత్తయ్యా, మీ రుణం ఉంచుకోను. కానీ మీకు పుణ్యముంటుంది, మీరు మాత్రం ఏమీ అడక్కండి."

అత్తగారు మూతి ముడుచుకుని సరేనంది.

షాపులో భర్త పాపం నిజంగానే కష్టపడ్డాడు. ఎవరో ఒకరు అడగాలంటే అందరికీ వచ్చి ఉండటమే మంచిదని, వచ్చినవాళ్ళందరికీ ప్రశ్న నేర్పాడు. అక్షరాల అట్ట చదివించడం ఆపి, ప్రశ్న అప్పజెప్పించుకున్నాడు. ఆ హడావుడిలోనే రిజిస్ట్రారుగారు కొత్త కళ్ళజోడు తీసుకెళ్ళడానికి వచ్చారు.

"ఏమయ్యా, ఇది ముక్కు మీద నిలవడంలేదే!"

"మరలు కొంచెం బిగించాలి సార్. సాయంత్రం సభలో కలుస్తాంగా, అవగానే బిగించేస్తా," అని ఆయన్ని సాగనంపి, మళ్ళీ పాఠంలో పడ్డాడు.

రిజిస్ట్రారుగారు చెడ్డమనిషి కాదు, భయస్థుడు. ఆఫీసుకు వెళ్ళగానే కాపలావాళ్ళందర్నీ పిలిచి చెప్పారు. "సాయంత్రం యూనిఫారాలు తీసేసి, మామూలు బట్టల్లో జనంలో కలిసిపోండి. ఎక్కడైనా గొడవ మొదలైతే నేను ఇలా కళ్ళజోడు పైకి తోసుకుంటా. వెంటనే గట్టిగా చప్పట్లు కొట్టి గొడవ వినపడకుండా చేసేయాలి. ఎవరూ ఏమీ అడక్కపోతే మీరే అడగండి. ఆరోగ్యం గురించి అడగండి. ఆరోగ్యం మీద ఇంతవరకూ ఎవరూ తన్నుకోలేదు."

సాయంత్రం హాలు తలుపు దగ్గర నిలబడిన మైకు మేడమ్‌కి కళ్ళు చెమర్చాయి. ఎంత జనం! షాపు ఖాతాదారులు ఎలాగూ వచ్చారు. అత్తగారి నడక బృందం రంగురంగుల బూట్లతో దిగింది. వీళ్ళు కాక తను పిలవనివాళ్ళు! ఒకే రకం నల్లబూట్లు వేసుకున్న బలమైన మగవాళ్ళు వరసలో అటొకరు ఇటొకరు కూర్చున్నారు. వెనక వరసలన్నీ ముసలీ ముతకా, పిల్లాజెల్లాతో నిండిపోయాయి. మూడో వరసలో ఒకాయన బ్యాడ్మింటన్ బ్యాట్ ఒళ్ళో పెట్టుకుని మరీ కూర్చున్నాడు. మా ఆయన ఆటగాళ్ళను కూడా వదల్లేదన్నమాట అనుకుని ఆమె మురిసిపోయింది.

జడ్జమ్మగారు నెమ్మదిగా వేదికెక్కి కూర్చున్నారు. "అందరికీ నమస్కారం. నాకు కొంచెం జలుబు చేసింది, ఏమీ అనుకోకండి," అన్నారు.

ముందు వరసలో రిజిస్ట్రారుగారి కళ్ళజోడు జారింది. ఆయన తోసుకున్నారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

జడ్జమ్మగారు ఆశ్చర్యంగా చూశారు. "నా జలుబంటే మీకింత అభిమానమా?"

కళ్ళజోడు మళ్ళీ జారింది, మళ్ళీ చప్పట్లు. తన చేతికీ ఆ మోతకూ ఏదో సంబంధం ఉందని రిజిస్ట్రారుగారికి తట్టలేదు. ఎక్కడో గొడవ మొదలైందేమోనని కంగారుగా వెనక్కి తిరిగారు. తిరిగేసరికి కళ్ళజోడు జారనే జారింది. ఇంకేముంది!

మోత తగ్గాక షాపు ఖాతాదారు ఒకాయన లేచాడు. "మతాన్నీ రాజకీయాన్నీ కలపకుండా ఉంచడం అసలు సాధ్యమేనా?"

"మంచి ప్రశ్న," అని జడ్జమ్మగారు నోరు విప్పబోయారు. ఇంతలో అవతలి వరసలోంచి ఒకావిడ లేచి అదే ప్రశ్న అడిగింది. ఆమె పూర్తి చేయకముందే ఇంకొకాయన అందుకున్నాడు. అందరూ అవే మాటలు, 'అసలు' దగ్గర అదే ఒత్తు. ఫ్రేము మీద తగ్గింపు పోతుందేమోనని ఒకరి వెనక ఒకరు లేస్తూనే ఉన్నారు. మైకు మేడమ్ భర్త కేసి చూసింది. ఆయన గర్వంగా తలూపాడు.

ఇది గొడవో కాదో తేల్చుకోలేక కాపలావాళ్ళు రెండో పనిలోకి దిగారు. నల్లబూట్లవాళ్ళలో ఒకాయన లేచాడు. "మేడమ్, మీ ఆరోగ్యం ఎలా ఉందండీ?"

"జలుబని చెప్పాను కదా నాయనా."

ఇంకో నల్లబూట్లాయన లేచాడు. "మరి ఆరోగ్యం ఎలా కాపాడుకుంటున్నారండీ?"

జడ్జమ్మగారు మైకు పక్కన పెట్టేసి, చేతులు కట్టుకున్నారు. హాలంతా ఆవిడ కేసి చూస్తూ కూర్చుంది. మైకు మేడమ్ వేదిక పక్కకు వెళ్ళి మైకు తీగలు సర్దడం మొదలుపెట్టింది. రిజిస్ట్రారుగారు ఆమె వైపు వంగి "వల ఏ సైజు కొనాలో రేపు కనుక్కుంటా," అని గొణిగారు.

చాలాసేపటికి జడ్జమ్మగారు మళ్ళీ మైకు తీసుకున్నారు. గొంతులో కోపం లేదు.

"కోర్టులో నా ముందుకు నేర్పించిన సాక్షులు వచ్చేవారు. వాళ్ళని చూస్తే నాకు జాలేసేది. ఆ మనిషికీ చెప్పుకోవాల్సింది ఒకటి ఉంటుంది, పాపం, దాన్ని చెప్పనివ్వరు. ఇప్పటిదాకా మీరు అడిగినవన్నీ ఎవరో నేర్పినవని నాకు తెలుస్తోంది. ఫరవాలేదు. సొంత ప్రశ్న ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక్కరూ లేరా?"

మూడో వరసలో బ్యాట్ ఉన్నాయన మొహమాటంగా చెయ్యెత్తాడు. "ఇది ఎప్పుడైపోతుందండీ?"

హాలంతా ఉలిక్కిపడింది. జడ్జమ్మగారు మాత్రం పకపకా నవ్వారు. "అదీ! ఇది మీ సొంత ప్రశ్నే. ఇలాంటి ప్రశ్నలు అయిపోగానే అయిపోతుంది. ఇంకెవరు?"

"నన్ను అడగొద్దన్నారు," అంది ఒక గొంతు. అది అత్తగారిది. మైకు మేడమ్ కళ్ళు మూసుకుంది.

"ఎవరన్నారమ్మా?"

"మా కోడలు."

"ఎక్కడుంది మీ కోడలు?"

"మీ పక్కనే, మైకు సర్దుతోంది."

నవ్వులు సద్దుమణిగాక అత్తగారు లేచి నిలబడింది. "నేను రోజూ ప్రార్థన చేసుకుంటానండీ. మా అబ్బాయి చేయడు. చేయరా అంటే నమ్మకం లేదంటాడు. నేను చెప్పడం తప్పా, వాడు వినకపోవడం తప్పా? ఇంట్లో అడిగితే ఎవరూ జవాబు చెప్పరు, అక్కణ్ణుంచి లేచిపోతారు."

"మీరు ప్రార్థనలో ఉన్నప్పుడు మీ అబ్బాయి ఇంట్లో ఎలా ఉంటాడు?"

"తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేస్తాడండీ. చిన్నప్పట్నుంచీ అంతే."

"వాడు చేయనని అన్నరోజు మీరు?"

అత్తగారు కొడుకు కేసి ఒకసారి చూసింది. "ధడాలున వేస్తాను," అంది చివరికి.

"ప్రభుత్వం కూడా మీ అబ్బాయిలా తలుపు వేయడం నేర్చుకోవాలని నేను ముప్ఫయ్యేళ్ళు తీర్పులు రాశానమ్మా," అన్నారు జడ్జమ్మగారు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మతం ఎక్కడ ఆగాలో, రాజకీయం ఎక్కడ ఆగాలో, ఆ రెండూ ఆగకపోతే మనిషి ఎలా నలిగిపోతాడో చెబుతుంటే హాలంతా చెవులప్పగించి విన్నది. ఎంత బాగా చెప్పారు! కళ్ళజోళ్ళ షాపాయన అమ్మ కేసి చూస్తూ, కళ్ళు తుడుచుకుంటూ, తను పెట్టుకున్న సొంత షాపు కళ్ళజోడును తనే మరకలు చేసుకున్నాడు.

అప్పుడు మొదటి నల్లబూట్లాయన మళ్ళీ లేచాడు. "ఈసారి ఆరోగ్యం గురించి కాదండీ. నేను పగలంతా గేటు దగ్గర నిలబడాలి. కూర్చుంటే జీతం కోస్తారు. కాళ్ళు వాచిపోతున్నాయి. అక్కడ కుర్చీ వేయడం మానవ హక్కుల్లోకి వస్తుందా, మా సారు మంచితనంలోకి వస్తుందా?"

"మంచితనమైతే ఆయన మనసు బాగున్నరోజే దొరుకుతుంది. హక్కయితే ఆయన చిరాగ్గా ఉన్నరోజు కూడా దొరకాలి. ఇది హక్కే నాయనా," అన్నారు జడ్జమ్మగారు. "ఇంతకీ ఎవరు మీ సారు?"

నల్లబూట్లన్నీ ముందు వరస కేసి తిరిగాయి. వాటి వెనకే హాలంతా తిరిగింది. రిజిస్ట్రారుగారు బిక్కచచ్చిపోయి, ఏం చేయాలో తోచక, కళ్ళజోడు పైకి తోసుకున్నారు. పైకప్పు లేచిపోయేలా చప్పట్లు మోగాయి. అప్పుడు తట్టింది ఆయనకు! గబుక్కున కళ్ళజోడు తీసి, చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకుని లేచి నిలబడ్డారు.

"రేపట్నుంచి గేటు దగ్గర కుర్చీ ఉంటుంది," అన్నారు. "నేను ఆ గేటులోంచే రోజూ లోపలికొస్తాను. నాకెందుకు కనపడలేదో తెలీదు."

చప్పట్లు మళ్ళీ మోగాయి. ఈసారి ఆయన చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

సభ అయ్యాక వెనకగదిలో టీ తాగుతూ రిజిస్ట్రారుగారు చెప్పేశారు. "మేడమ్, హాలు మీది. బ్యాడ్మింటన్‌వాళ్ళు ఇంకోచోటు చూసుకుంటారు. అబ్బ, ఏం జనమండీ!"

మైకు మేడమ్ నోట్లో అబద్ధం నిలవదు. "సార్, అందులో సగం మా ఆయన షాపువాళ్ళూ, మా అత్తయ్య స్నేహితురాళ్ళూ."

"ఓస్, అంతేనా?" ఆయన తల గోక్కున్నారు. "ఆ బూట్లవాళ్ళు నావాళ్ళు."

"పోనీలెండి, వెనక వరసలవాళ్ళయినా నిజంగా వచ్చారు," అంది మేడమ్.

జడ్జమ్మగారు టీకప్పు కిందపెట్టి గొంతు సవరించుకున్నారు. "వాళ్ళు మా చెల్లెలి కుటుంబమమ్మా. కిందటి నెల ఎవరూ రాలేదని విన్నాను. నా శిష్యురాలి సభ ఖాళీగా ఉంటే చూడలేను కదా, అందుకని బస్సు మాట్లాడుకుని అందర్నీ తీసుకొచ్చాను."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మైకు మేడమ్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. వంగి గురువుగారి కాళ్ళు పట్టుకుంది.

"మరి బ్యాట్ ఉన్నాయన?" అన్నారు రిజిస్ట్రారుగారు ఉన్నట్టుండి.

మేడమ్ బయటున్న భర్తని అడిగొచ్చి, తమవాడు కాదంది. జడ్జమ్మగారు తమ బస్సులో రాలేదన్నారు. అందరూ బయటికొచ్చి చూస్తే ఆయన ఇంకా మెట్ల దగ్గరే ఉన్నాడు.

"హాలు ఆటకిస్తున్నారని ఎవరో అంటే వచ్చానండీ. మీరెవరూ లేవకపోయేసరికి కూర్చుండిపోయా," అని, వెళ్ళబోతూ ఆగాడు. "వచ్చే నెల ఎప్పుడండీ సభ? ఆ మతం సంగతి మా ఇంట్లోనూ మావాడితో ఇంకా తేలలేదు."

ఆ ఏడాది నివేదికలో రిజిస్ట్రారుగారు 'ప్రజలు తమంతట తామే తరలివచ్చారు' అని రాయించారు. ఆ ప్రజలు ఆ రాత్రి బ్యాట్ చంకలో పెట్టుకుని, సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయారు.