ఆషాఢంలో సాదలి కలయిక

ఆ ఉదయం నందీశ్ తలపెట్టింది ఒకే ఒక్క పని. చిక్కబళ్ళాపురం నుంచి ఒకటి, చింతామణి నుంచి ఒకటి వచ్చే వెలుగు రేణువులను సాదలిలోని తన అద్దె గదిలో, పెట్టెలో కలపాలి. అవి కలిస్తే, ఆ రెండూళ్ళలోనే ఉండిపోయిన వాటి కవల రేణువుల మధ్య, ఎంత దూరమున్నా వీడని ముడి పడుతుంది; దాంతో మూడోవాళ్ళకు తెలీకుండా కబుర్లు పంపొచ్చు. నెల రోజులుగా ఆ ముడి పడి చావడం లేదు. ఇవాళ బెంగళూరు నుంచి పెద్దాఫీసరు రూప మేడం వస్తోంది. ఇవాళా కలవకపోతే ప్రాజెక్టు మూత, నందీశ్‌కు ఢిల్లీ బదిలీ. కొత్త పెళ్ళాం సుమ ఆషాఢమని చింతామణిలో పుట్టింట్లో ఉంది. కాపురం పెట్టకముందే ఢిల్లీ ఏమిటని అతని బెంగ.

కాఫీ తెచ్చిన ఇంటామె లక్ష్మీదేవమ్మ పెట్టెను అనుమానంగా చూసింది.

"ఇదేం చేస్తాదప్పా?"

"చిక్కబళ్ళాపురం దాన్నీ చింతామణి దాన్నీ ఈడ కలుపుతాదమ్మా. మూడోవాళ్ళకు తెలీకుండా."

నందీశ్‌ది చిక్కబళ్ళాపురం, సుమది చింతామణి. ఇంకేం కావాలి? లక్ష్మీదేవమ్మ ముక్కున వేలేసుకుని, తిన్నగా వెళ్ళి సుమ తల్లి అక్కయమ్మకు ఫోన్ చేసింది.

అక్కయమ్మ ఉన్నపళంగా బస్సెక్కి వచ్చింది. కూతుర్ని ఒంటరిగా వదిలితే ఏ దారి పడుతుందోనని వెంటబెట్టుకునే వచ్చింది.

"అల్లుడు యాడుండాడు?"

"లోపలే ఉండాడు. నువ్వు గడప తొక్కొద్దు తల్లీ! ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒక గడప దాటకూడదు."

అంటూనే లక్ష్మీదేవమ్మ తలుపు లాగి గొళ్ళెం పెట్టింది. కిటికీలోంచి మొగుడూ పెళ్ళాలు సైగలు చేసుకుంటారేమోనని, పట్టుపురుగుల షెడ్డులోని నల్ల పరదా తెచ్చి బిగించి కట్టింది.

"అమ్మా, ఏం చేస్తాండారు? నాకేమీ కనబడ్డం లేదు!"

"కనబడకూడదనే కట్టిండేది!"

చీకట్లో నందీశ్‌కు తలా తోకా తెలియలేదు. అంతలో బయట కారు ఆగింది. రూప మేడం చేతిలోని ఫోన్లో పెట్టె పంపే లెక్కలు చూసుకుంటూ కేక పెట్టింది.

"నందీశ్, కలుస్తాండాయి! ఏం చేసినారు?"

"నేనేమీ చేయలేదు మేడం. ముందు తలుపు తీయండి!"

"తీయొద్దు!" అని సుమ తప్ప మిగతా ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్కసారే అరిచారు.

లక్ష్మీదేవమ్మ అయోమయంగా చూసింది. "అల్లుడు లోపల, సుమ బయట. ఇంకెవరు కలిసినారమ్మా?"

మేడం వినే స్థితిలో లేదు. "ఇన్నాళ్ళూ కిటికీ వెలుతురు పెట్టెలో పడి చెడగొట్టింది. బదిలీ లేదు నందీశ్! ఈ నెలంతా తలుపు తీయకుండా ఇట్లే నడపండి."

తలుపవతల సుమ గాజులు గలగలమన్నాయి. నందీశ్ చీకట్లోనే తడుముకుంటూ వెళ్ళి తలుపుకు చెవి ఆనించాడు.

ఆ రోజు సాదలిలో చిక్కబళ్ళాపురం, చింతామణి లక్షణంగా కలిశాయి, మొగుడూ పెళ్ళాలు తప్ప.