నడివరుసలో మంత్రిగారు

"ఈ రోజు నుంచి ప్రజలందరి వేళ్ళూ ఒకే దారిలో నడుస్తాయి!" అని మంత్రిగారు సర్కారు ఆఫీసు హాల్లో మైకులో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఎందుకో తెలియదు గానీ, అంతమంది కొడుతుంటే ముసలిదాన్ని చేతులు ముడుచుకుని కూర్చుంటే ఏం మర్యాద?

నాకు ఆ ఆఫీసులో ఉద్యోగం లేదు. కంటికి ఆపరేషనైంది. గంటకోసారి చుక్కల మందు వెయ్యాలి. వేసేది కోడలు. కోడలేమో అక్కడ టైపిస్టు. అందుకని నల్లకళ్ళద్దాలు పెట్టుకుని రోజూ దాని పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. కనుక ఈ చరిత్రంతా ఒంటికంటితోనే చూశాను. లోపాలుంటే మన్నించాలి.

మంత్రిగారి గొప్పతనం ఎంతని చెప్పను! కంప్యూటర్ని లోపలినుంచి నడిపించేది ఒకటుంటుందట, ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అందులో మూడు రకాలట. ఏది మంచిదని ఆఫీసర్లు ఆరు నెలలు కొట్టుకు చచ్చారు. మంత్రిగారు ఒక్క చూపు చూసి, తెర నీలంగా వెలిగినదాన్ని ఖాయం చేశారు. పార్టీ జెండా నీలం. కీబోర్డు సంగతీ అంతే. పాత అక్షరాల వరస పాత ప్రభుత్వం నాటిది, పనికిరాదు. కొత్త వరస ఆయనే స్వయంగా కూర్చారు. తన పేరులోని అక్షరాలన్నీ నడివరుసలో, సరిగ్గా వేళ్ళ కింద. మిగతావి ఎక్కడ చోటు దొరికితే అక్కడ సర్దుకున్నాయి.

సోమవారం కొత్త వరసలో టైపు పరీక్ష. తప్పినవాళ్ళకి కొండ అవతలి ఆఫీసుకి బదిలీ. ఆ మాట వినగానే నా మంచి కంట్లో కూడా నీళ్ళు తిరిగాయి. అక్కడికి వారానికోసారి బస్సు. నా చుక్కలెవరు వేస్తారు? నా కొడుకు వేస్తే మందు చెవిలో పడుతుంది.

శనివారం కంప్యూటర్ల ఆఫీసరు వచ్చి, మీటల మీద కొత్త అక్షరాల స్టిక్కర్లు అంటించి, "పని పూర్తయింది" అని సంతకాలు పెట్టించుకుని వెళ్ళాడు.

కోడలు రెండు ముక్కలు కొట్టి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందే?"

"పైన అంటించారు అత్తయ్యా, లోపలేం మార్చలేదు. పాత వరసే పనిచేస్తోంది."

"మరి చెప్పవే!"

వెళ్ళి సూపరింటెండెంటుకి చెప్పి వచ్చింది. "ఏముంది, 'నీకెక్కువ తెలుసా?' అన్నారు."

ఇరవై రెండేళ్ళుగా మీటల వంక చూడకుండా కొట్టే మనిషికి ఏం తెలుస్తుంది లెండి.

పరీక్ష జరిగింది. స్టిక్కర్లు చూసి కొట్టిన పదకొండు మంది రాతలూ తెరమీద చీమలు పాకినట్టు వచ్చాయి. కోడలు మాత్రం నా మందు వేళ దాటిపోతోందని గోడ గడియారం చూస్తూ కొట్టింది. ఒక్క తప్పు లేదు.

మంత్రిగారు పొంగిపోయారు. "చూశారా నా కీబోర్డు మహిమ! ఏమ్మా, ఎలా నేర్చుకున్నావు?"

"అలవాటేనండి."

"రెండ్రోజుల్లో అలవాటైపోయింది! ఇలాంటి ఆణిముత్యం ఇక్కడెందుకయ్యా? కొండ అవతలికి పంపండి, అక్కడివాళ్ళకి నేర్పుతుంది."

"మరి తప్పినవాళ్ళు సార్?" అన్నాడు సూపరింటెండెంటు.

"వాళ్ళూ వెళ్ళి ఈమె దగ్గర నేర్చుకుంటారు."

నేను లేచాను. "నాయనా, నా కన్ను..."

"పెద్దమ్మకి ఆనందబాష్పాలు!" అని మంత్రిగారు ఫొటోగ్రాఫర్ని కేకేశారు.

బదిలీ ఉత్తర్వు తన చేత్తోనే కొడతానన్నారు. తల ఎత్తకుండా, ఒక్కొక్క స్టిక్కరూ వెతికి పట్టుకుని, ఒంటివేలితో నలభై నిమిషాలు శ్రమించారు. కాగితం బయటికొచ్చింది. సూపరింటెండెంటు చదివాడు. తలకిందులు చేసి చదివాడు. నుదురు తుడుచుకున్నాడు.

"ఎలా ఉందయ్యా?"

"ఇంత స్పష్టంగా ఇంకెవరూ రాయలేరు సార్!"

మంత్రిగారికి సంతకం పెట్టేవి చదివే అలవాటు లేదు. సంతకం పడింది, ముద్ర పడింది, కాగితం అన్ని ఆఫీసులకూ వెళ్ళింది.

పది రోజులకి జవాబులు రాసాగాయి. తమరి ఉత్తర్వును అక్షరం పొల్లుపోకుండా అమలు చేశామని ప్రతి ఆఫీసూ రాసింది. కొండ అవతలి ఆఫీసు జవాబు మరీ ముచ్చటగా ఉంది. పంపినవారంతా వచ్చి చేరారట, పని బ్రహ్మాండంగా సాగుతోందట.

ఆ ఉత్తరాన్ని కోడలే, ఇక్కడే తన పాత కుర్చీలో కూర్చుని, నాకు చదివి వినిపించింది. చదివి, ఫైల్లో పెట్టి, "తల పైకెత్తండి అత్తయ్యా, మందు వేళైంది" అంది.